థాంక్స్‌గివింగ్ నాడు తొమ్మిదో ఛానల్‌లో కింగ్ కాంగ్ ఎందుకు వేసేవారు?

కృష్ణాతీరం:
మా పెదనాన్నగారు 1970ల చివర్లో న్యూజెర్సీలో ఉండేవారు. థాంక్స్‌గివింగ్ రోజున టీవీ పెడితే తొమ్మిదో ఛానల్‌లో కింగ్ కాంగ్ వచ్చేదని ఇప్పటికీ చెబుతారు. ఆ పండగకూ ఈ కోతికీ సంబంధమేమిటి? అసలు సినిమా హాళ్లకు పోటీగా వచ్చిన టీవీకి హాలీవుడ్ వాళ్లు తమ సినిమాలు ఎందుకిచ్చారు?

పాతకాపు:
పండగతో ఏ సంబంధమూ లేదండీ. సంబంధమంతా టైర్ల కంపెనీతో. హోవర్డ్ హ్యూస్ 1955లో ఆర్కేవో స్టూడియోను జనరల్ టైర్ కంపెనీకి అమ్మేశాడు. న్యూయార్క్ తొమ్మిదో ఛానల్ డబ్ల్యూవోఆర్ అప్పటికే ఆ కంపెనీ చేతిలో ఉంది. వాళ్లకు కావలసింది స్టూడియో కాదు, దాని గోదాములోని రీళ్లు. 1933 నాటి కింగ్ కాంగ్ ఆ గోదాము సరుకే. 1956లో ‘మిలియన్ డాలర్ మూవీ’ కార్యక్రమంలో దాన్ని వారం పొడుగునా వేశారు. ఒకే సినిమా, రాత్రికి రెండు ఆటలు, వారమంతా అదే! మన టూరింగ్ టాకీసే నయం, రెండు మూడు రోజులకైనా బొమ్మ మార్చేవాడు. థాంక్స్‌గివింగ్ ఆనవాయితీ 1970ల నడుమ మొదలై దాదాపు పదేళ్లు నడిచింది. దాంతోపాటు సన్ ఆఫ్ కాంగ్, మైటీ జో యంగ్ కూడా వేసేవారు. మూడూ ఆర్కేవో కోతులే.

ఇక ఎందుకిచ్చారంటారా, డబ్బు కోసం. 1948లో సుప్రీంకోర్టు తీర్పుతో పెద్ద స్టూడియోలు తమ హాళ్లను వదులుకోవలసి వచ్చింది. ప్రేక్షకులూ తగ్గిపోతున్నారు. వార్నర్ తన పాత సినిమాలను 1956లో 2.1 కోట్ల డాలర్లకు అమ్ముకుంది. పారమౌంట్ మాత్రం 1958 దాకా బిగబట్టి, దాదాపు 700 సినిమాలను 5 కోట్ల డాలర్లకు ఎంసీఏ అనే నటుల ఏజెన్సీకి ఇచ్చింది. వాటితో ఎంసీఏ ఎన్ని రెట్లు సంపాదించిందో చూస్తే పారమౌంట్ మీద జాలేస్తుంది. ఇలా వచ్చినవన్నీ చాలావరకు 1948కి ముందువే. 1948 ఆగస్టు 1 తర్వాత తీసినవి టీవీలో వేస్తే సంగీతకారులకూ నటులకూ వాటా ఇవ్వాలన్న పేచీ ఉండేది. నటుల సమ్మె తర్వాత 1960లో గాని అది తేలలేదు.

నేను అమెరికా వచ్చిన కొత్తలో నా గదిలో ఉన్నది పాత బ్లాక్ అండ్ వైట్ సెట్టు. ఆ సినిమాలకు అది చాలు. వాటి చట్రం కూడా టీవీ తెరకు ఇంచుమించు సరిపోయేది. బాధల్లా కోతలతోనే. స్టేషన్‌కు వచ్చేది 16 మిల్లీమీటర్ల ప్రింటు. ప్రొజెక్టర్‌ను నేరుగా టీవీ కెమెరాకు ఎదురుగా పెట్టి ప్రసారం చేసేవారు. వంద నిమిషాల సినిమాను ప్రకటనలతో సహా గంటన్నరలో ఇరికించాలంటే కత్తెర తప్పదు కదా! తలుపు దగ్గర నిలబడ్డ హీరోయిన్ తెర ఒక్కసారి ఉలిక్కిపడగానే కారులో ఉండేది. ఈలోగా ఏం జరిగిందో, సోఫాల కొట్టువాడి అరుపులు వింటూ మనమే ఊహించుకోవాలి.

అర్ధరాత్రి_ఆట:
దయ్యాల సినిమాలను మరిచారు. 1957లో స్క్రీన్ జెమ్స్ అనే టీవీ పంపిణీ సంస్థ 52 పాత సినిమాలను ‘షాక్’ పేరుతో ఒక మూటగా కట్టి స్థానిక స్టేషన్లకు ఇచ్చింది. చాలావరకు యూనివర్సల్ స్టూడియోవే. వాటి మధ్యలో వేషం కట్టి వెటకారం చేసేందుకు ఊరికొకడు తయారయ్యాడు. ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ అలాంటివాడే. లాస్ ఏంజెలెస్‌లో అంతకు ముందే, 1954లో, మైలా నుర్మి వాంపైరాగా వచ్చింది. నన్నడిగితే, వాటిలో కొన్ని సినిమాలకన్నా ఈ వ్యాఖ్యాతలే మేలు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ క్రిస్మస్ సినిమా అయింది కూడా ఇలాగేనా?

పాతకాపు:
అది ఇంకా చవక బేరం. 1946 సినిమా అది. 1974లో కాపీరైట్ పొడిగింపు దరఖాస్తు ఎవరూ పెట్టలేదు. ఉచితమని తెలియగానే స్టేషన్లన్నీ ఎగబడ్డాయి. డిసెంబరులో ఛానల్ తిప్పితే హీరో జేమ్స్ స్టువర్ట్ ఒకచోట పెళ్లి చేసుకుంటుంటే ఇంకోచోట వంతెన మీద నిలబడి ఉండేవాడు. చివరికి 1993లో రిపబ్లిక్ పిక్చర్స్ మూలకథ హక్కులు, సంగీతం హక్కులు చూపించి దాన్ని మళ్లీ చేజిక్కించుకుంది. మరుసటి ఏడాది నుంచి ఎన్‌బీసీ ఒక్కటే వేసేది.