కార్డ్‌లెస్ ఫోన్లో మాట్లాడితే పక్క ఫ్లాట్ వాళ్లకి వినపడుద్దా?

మాగుంట లేఅవుట్, 3వ అంతస్తు
ల్యాండ్‌లైన్‌కి కార్డ్‌లెస్ తగిలించి ఉండాది. గోడకి గోడ ఆనుకున్న ఫ్లాట్లు. బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు కార్డు నంబరు దీంట్లో చెప్పొచ్చా? భద్రమైన ఫోనో కాదో ఎట్టా కనుక్కోవాలి? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

స్టోన్‌హౌస్‌పేట వైరింగ్
ముందు బేస్‌ని, అంటే లైన్ తగిలించి హ్యాండ్‌సెట్‌ని పెట్టే పెట్టెని, తిరగేసి అడుగున స్టిక్కర్ చదవండి. 46/49 మెగాహెర్ట్జ్ అని ఉన్నా, లాగితే పొడుగు సాగే యాంటెన్నా ఉన్నా అది పాత అనలాగ్ రకం. మాట ఎఫ్‌ఎం మీద ఉన్నదున్నట్టు గాల్లోకి పోతుంది. బేస్ 46 దగ్గర, హ్యాండ్‌సెట్ 49 దగ్గర పంపుతాయి. బేస్ పంపేదాంట్లో అవతలివాళ్ల గొంతుతో పాటు లైన్లో తిరిగొచ్చే మీ గొంతు కూడా ఉంటది. స్కానర్‌తో, అంటే గాల్లో రేడియో మాటలు వెతికి పట్టే రిసీవర్‌తో, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ పట్టుకుంటే రెండువైపులా వినొచ్చు. బటన్లు నొక్కి కార్డు నంబరు కొట్టినా లాభం లేదు. ఒక్కో అంకెకి ఒక్కో జత స్వరం, రికార్డు చేసి అంకెలుగా మార్చడం చాలా తేలిక. ఈ రకం ఫోన్లో బ్యాంకు పనులు అసలు పెట్టుకోవద్దు.

పెన్న గట్టు
పెట్టె మీద "సెక్యూరిటీ కోడ్" అని చూసి ధైర్యపడకండి. అది పక్కింటి హ్యాండ్‌సెట్ మన డయల్ టోన్ పట్టుకుని మన బిల్లు మీద ఫోన్లు చేసుకోకుండా ఆపడానికే. మాటని దాచదు. చాలా మోడళ్లలో హ్యాండ్‌సెట్‌ని బేస్ మీద పెట్టినప్పుడల్లా కొత్త కోడ్ పడుద్ది. కరెంటు పోయి వచ్చాక డయల్ టోన్ రాకపోతే కోడ్ కలవలేదన్నమాట. కాసేపు బేస్ మీద పెట్టి తీయండి.

కర్నూలు రోడ్డు, ఒంగోలు
స్టిక్కర్ మీద డెక్ట్ (డిజిటల్ కార్డ్‌లెస్ రకం), 1880–1900 మెగాహెర్ట్జ్ అని ఉంటే ఎట్టా? డిజిటల్ కదా, ఇంక భయం లేనట్టేనా?

స్టోన్‌హౌస్‌పేట వైరింగ్
డిజిటల్ వేరు, ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లకి అర్థం కాకుండా మాటని తాళం వేసి పంపడం) వేరు. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. డెక్ట్‌లో 10 క్యారియర్లు (ఫ్రీక్వెన్సీలు), ఒక్కోదాంట్లో 12 మాటల జాగా. ఖాళీగా ఉన్న జాగాకి ఫోన్ తనంతట తను మారుతుంటది. మామూలు స్కానర్‌కి ఇది గరగరలాగే వినపడుద్ది, నిజమే. కానీ 2008 డిసెంబర్లో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో పరిశోధకులు ల్యాప్‌టాప్‌లో దూర్చే చవక కార్డుతోనే డెక్ట్ మాటలు పట్టి చూపించారు. ఆ ఫోన్లు కొన్నిట్లో ఎన్‌క్రిప్షనే ఆన్‌లో లేదు. కొన్నిట్లో బేస్ హ్యాండ్‌సెట్‌ని అసలుదో కాదో పరీక్షిస్తది గానీ, హ్యాండ్‌సెట్ బేస్‌ని పరీక్షించదు. దొంగ బేస్ పెట్టి "ఎన్‌క్రిప్షన్ వద్దు" అంటే ఫోన్ ఒప్పేసుకుంటది. 2010లో పాత సైఫర్‌లోనూ (తాళం వేసే లెక్కలోనూ) లోపాలు బయటపెట్టారు. ఆ తరవాతే ఏఈఎస్ అనే పేరున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఆధారంగా కొత్త సైఫర్ స్టాండర్డ్‌లోకి వచ్చింది. కొనేటప్పుడు మాన్యువల్లో ఎన్‌క్రిప్షన్ అన్న మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే వదిలేయండి.

లాయర్‌పేట టెలికాం
ఒకటి కలుపుతా. ఇల్లు పెద్దదని సిగ్నల్ దూరం పోయేందుకు పాత రకం రిపీటర్ పెట్టె పెడతారు. కొన్ని మోడళ్లలో రిపీటర్ పనిచేయాలంటే బేస్ మెనూలో ఎన్‌క్రిప్షన్ ఆపమని మాన్యువలే చెప్తది. ఆపి, రిపీటర్ తీసేశాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోతారు. ఓసారి మెనూలో చూసుకోండి.

పిన్ సంగతి కూడా. కొత్తగా ఉన్నప్పుడు చాలా బేస్‌లకి 0000. బేస్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి, ఆ పిన్ కొడితే ఎవరి హ్యాండ్‌సెట్టయినా జతపడుద్ది. పనివాళ్లు, అద్దెకున్నవాళ్లు వచ్చిపోయే ఇళ్లల్లో ఇది అసలు చిక్కు. పిన్ మార్చండి, రిజిస్టరైన హ్యాండ్‌సెట్ల లెక్క చూడండి, తెలియనిది ఉంటే డీరిజిస్టర్ చేయండి. ఆన్సరింగ్ మెషీన్ ఉంటే దాని రిమోట్ కోడ్ వేరేగా ఉంటది, అదీ మార్చాలి.

దర్గామిట్ట
మా అబ్బాయి అమెరికా నుంచి డెక్ట్ 6.0 సెట్ తెస్తానంటున్నాడు. వాడొచ్చా?

లాయర్‌పేట టెలికాం
వద్దండి. 6.0 అనేది అక్కడ పెట్టిన పేరే, 6 గిగాహెర్ట్జ్ కాదు. అది 1920–1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తది. మన దగ్గర అది మొబైల్ కంపెనీల 2100 బ్యాండు, మన సెల్‌ఫోన్లు టవర్‌కి పంపే భాగం. వాళ్లకి అడ్డం పడతాం. అడాప్టర్ మీద 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోద్ది.

పెన్న గట్టు
గాలి సంగతి అయింది, తీగ సంగతి ఎవరూ అనలేదు. డెక్ట్ ఎన్‌క్రిప్షన్ హ్యాండ్‌సెట్‌కీ బేస్‌కీ మధ్యనే. బేస్ దాటాక రాగి లైన్లో మాట మళ్లీ మామూలు మాటే. మెట్ల కింద ఫ్లాట్ల ఫోన్ తీగలన్నీ కలిసే డీపీ పెట్టెకి తలుపు లేకపోతే ఎవరైనా రెండు క్లిప్పులు తగిలించి వినొచ్చు. తాళం వేయించండి. ఇంట్లో ఫోన్లన్నీ పెట్టేసి ఉన్నప్పుడు లైన్‌కి మల్టీమీటర్ పెడితే 48 వోల్టుల చుట్టూ రావాలి. 10 లోపు చూపిస్తే ఇంకెక్కడో ఫోను ఎత్తి ఉన్నట్టు. మీటర్ సరిగ్గా చూపించినా నిశ్చింత పడొద్దు, కరెంటు లాగని రకం తగిలిస్తే తెలియదు. రింగ్ వచ్చేటప్పుడు ఆ తీగల్లో 75 వోల్టుల పైన ఏసీ ఉంటది, చేత్తో తాకొద్దు.

ఫైబర్ లైనైతే బేస్ ఓఎన్‌టీ పెట్టెకి (ఫైబర్ తీగ ఇంట్లోకి వచ్చి చేరే పెట్టెకి) తగులుకుంటది. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

మాగుంట లేఅవుట్, 3వ అంతస్తు
స్టిక్కర్ మీద 1880–1900, పిన్ 0000. రెండు హ్యాండ్‌సెట్లుంటే లెక్కలో మూడు చూపిస్తా ఉండాది. మూడోది ఎట్టా తీసేయాలి?

లాయర్‌పేట టెలికాం
ముందు పిన్ మార్చండి, తరవాత తీయండి. పాత పిన్ ఉండగా తీస్తే ఆ పిన్ తెలిసినవాళ్లు మళ్లీ జతచేస్తారు. మూడోది ఏదో తెలియకపోతే బేస్ మెనూలో అన్ని హ్యాండ్‌సెట్లూ డీరిజిస్టర్ చేసి, మీ చేతిలో ఉన్న రెండింటినే కొత్త పిన్‌తో మళ్లీ జతచేయండి.