‘ది ఎయిరెస్’ చివర కేథరిన్ తలుపు తీయకపోవడం గెలుపా, ఓటమా?

పాతరీలు:
నిన్న రాత్రి ‘ది ఎయిరెస్’ మళ్లీ చూశాను. 1949లో విలియం వైలర్ తీసిన నలుపు తెలుపు చిత్రం. చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 1850 ప్రాంతపు న్యూయార్క్, వాషింగ్టన్ స్క్వేర్‌లో పెద్ద ఇల్లు. డాక్టర్ స్లోపర్‌కు కేథరిన్ ఒక్కగానొక్క కూతురు. బిడియస్తురాలు, నలుగురిలో మాట పెగలదు. తల్లి ఆస్తి మీద ఏటా 10,000 డాలర్లు వస్తాయి, తండ్రి తదనంతరం మరో 20,000. మోరిస్ అనే అందగాడు పెళ్లాడతానంటాడు. డబ్బు కోసమే వచ్చాడని తండ్రి అడ్డుపడతాడు. తండ్రి ఆస్తి వదులుకుని వచ్చేస్తానని ఆమె చెప్పిన రాత్రే మోరిస్ మాయమవుతాడు. కొన్నేళ్లకు, తండ్రి పోయాక, మళ్లీ వస్తాడు. ఆమె సరేనని, సామాను తెచ్చుకొమ్మని పంపి, అతను వచ్చేసరికి తలుపు గడియ వేయిస్తుంది. అతను తలుపు బాదుతుంటే దీపం పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోతుంది.

దీన్ని అందరూ గెలుపు అంటారు. నాకు మాత్రం ఆ మెట్ల మీద కేథరిన్ కనిపించలేదు, వాళ్ల నాన్న కనిపించాడు. అదే చల్లదనం, అదే నిదానం. ఇంత క్రూరంగా ఎలా ఉండగలుగుతున్నావని మేనత్త లవీనియా అడిగితే, ఆరితేరినవాళ్ల దగ్గర నేర్చుకున్నానంటుంది. ఓడిపోయిన మనిషి అనే మాట అది.

నీలిదీపం:
పాతరీలు గారూ, ఆమె ఆ మెట్లు రెండుసార్లు ఎక్కుతుంది, మీరు ఒక్కటే చెప్పారు. మోరిస్ కోసం ఎదురుచూసి చూసి, ఇక రాడని తెలిశాక పెట్టె మోసుకుంటూ ఎక్కుతుంది చూడండి, అడుగడుగునా ఒళ్లు కుంగిపోతుంది. ఆ బరువు నిజంగా కనిపించాలని వైలర్ పెట్టెలో పుస్తకాలు నింపించారని చెబుతారు. చివర్లో అవే మెట్లు, చేతిలో దీపం, నిటారైన వెన్ను. అది ఓటమి ఎలా అవుతుంది?

గుంటూరు పాఠకుడు:
అసలు ఆ గడియ ఈ సినిమాకు మూలమైన నవలలో లేనే లేదు. హెన్రీ జేమ్స్ 1880లో రాసిన ‘వాషింగ్టన్ స్క్వేర్’లో మోరిస్ చాలా ఏళ్ల తరవాత వస్తాడు, ఆమె మర్యాదగా కాదంటుంది, మళ్లీ కుట్టుపని చేతిలోకి తీసుకుంటుంది. అంతే. గడియ, తలుపు బాదడం 1947లో ఆ నవలను నాటకంగా మలచిన గొట్జ్ దంపతులు చేర్చినవి.

నీలిదీపం:
మనం మాట్లాడుతున్నది సినిమా గురించి.

గుంటూరు పాఠకుడు:
మూలంలో లేని గడియను పట్టుకుని ఒక మనిషి స్వభావాన్ని తేల్చడం సరికాదంటున్నాను.

వెన్నెలవాకిలి:
కేథరిన్‌గా నటించిన ఒలీవియా డి హావిలాండ్ గొంతు గమనించారా? మొదట్లో ప్రతి మాటా క్షమాపణలా వస్తుంది. చివరికొచ్చేసరికి రాయిలా నిలబడుతుంది. రెండో ఆస్కార్ ఊరికే రాలేదు.

తూరుపుగాలి:
ఒక చిన్న విషయం. పెళ్లైన స్త్రీ ఆస్తి ఆమెదేనని న్యూయార్క్ రాష్ట్రంలో 1848లోనే చట్టం వచ్చింది. కాబట్టి తండ్రి భయపడినంత ప్రమాదం లేదు.

పాతరీలు:
చట్టం కాగితం మీద ఉంటుంది. పారిస్ నుంచి అతని కోసం కెంపుల గుండీలు కొనుక్కొచ్చిన అమ్మాయి, అడిగితే సంతకం పెట్టదా? తండ్రి అన్నది అక్షరాలా నిజమైంది. 20,000 పోతుందని తెలియగానే ఆ పెద్దమనిషి పారిపోయాడు, మిగిలిన 10,000 చాలలేదు. తండ్రిని దుర్మార్గుడిగా చూసేవాళ్లు దీనికి ఏం చెబుతారు?

నీలిదీపం:
చెబుతాను. మోరిస్ ఇంకా కథలోకి రాకముందే, విందుకు వెళ్తూ కేథరిన్ కొత్త ఎర్ర గౌను తండ్రికి చూపిస్తుంది. అమ్మ ఈ రంగు కట్టుకునేదట, మీకు నచ్చుతుందనుకున్నానంటుంది. ఆయన ఏమన్నాడు? మీ అమ్మ తెల్లగా ఉండేది, ఆ రంగు ఆమె ముందు తలవంచేది అన్న అర్థం వచ్చే మాట. ఆ చిత్రంలో దుస్తులకు ఎడిత్ హెడ్, గైల్ స్టీల్ ఆస్కార్ అందుకున్నారు. నలుపు తెలుపులో మన కంటికి ఆ ఎరుపు కనిపించదు, ఆ మాట మాత్రం వినిపిస్తుంది. ఆ తరవాత నీలో డబ్బు తప్ప ఇంకేమీ లేదని, ఆగి, కుట్టుపని మాత్రం శుభ్రంగా చేస్తావని అంటాడు. మోరిస్ గురించి ఆయన లెక్క సరైనదే కావచ్చు, దానికి ఈ మాటలతో పనేముంది?

పాతరీలు:
నేను పుస్తకాలు చూసి మాట్లాడటం లేదు. మా అక్కకు 1979లో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి కళ్లు మా నాలుగెకరాల మీదే ఉన్నాయని మా నాన్న తిప్పి పంపారు. అక్క ఆ తరవాత ఎవరినీ ఒప్పుకోలేదు. మూడేళ్లు నాన్నతో మాట్లాడలేదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా ఉండిపోయింది. వేసుకున్న గడియ ఎలా ఉంటుందో నేను ఇంట్లో చూశాను. దాన్ని ఎవరైనా గెలుపు అంటే నాకు కడుపు మండుతుంది.

నీలిదీపం:
ఆ గడియ వేసింది మీ నాన్నగారు. మీ అక్కగారు వేసుకున్నారని రాస్తున్నారు. ఆమెను ఎప్పుడైనా అడిగారా, ఎలా ఉన్నావని?

పాతరీలు:
హద్దు దాటుతున్నారు. మా కుటుంబం గురించి మీకు ఏమీ తెలియదు. నాన్న బిడ్డ మేలు కోరే చేశారు. తండ్రి పొరపాటు పడవచ్చు, మాట కటువుగా ఉండవచ్చు, కానీ కన్నవాడు. స్లోపర్ చివరి ఘడియల్లో పిలుస్తున్నాడని పనిమనిషి మరియా వచ్చి చెప్పినా ఆ అమ్మాయి కదలలేదు. మోరిస్‌కు తలుపు మూయడం పోనీయండి, అది నేను క్షమించగలను. చావుబతుకుల్లో ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లకపోవడం క్షమించలేను.

వెన్నెలవాకిలి:
అయితే మీ అభ్యంతరం చివరి సన్నివేశం మీద కాదన్నమాట.

పాతరీలు:
కాదేమో. ఇంతవరకు నాకూ అలా తోచలేదు. ఆ పిలుపు దగ్గరే నాకు ఆ పిల్ల మీద మనసు విరిగింది. ఆ తరవాత ఆమె ఏం చేసినా అలాగే కనిపించింది.

గుంటూరు పాఠకుడు:
నవలలో తండ్రి జబ్బుపడితే కేథరిన్ దగ్గరుండి సేవ చేస్తుంది. అదీ నాటకంలో మార్చారు.

నీలిదీపం:
పాతరీలు గారూ, అక్కగారి విషయంలో గట్టిగా అన్నాను, మన్నించండి. కానీ ఇది చెప్పకుండా ఉండలేను. నాకు నచ్చినవాడు మంచివాడు కాదని మా నాన్న అన్నారు. అది నిజమే, రెండేళ్లలో తేలింది. అతని ముఖం కూడా ఇప్పుడు సరిగా గుర్తులేదు. అయితే ఆరోజు ముందు గదిలో, మా పిన్ని, బాబాయి కూర్చుని ఉండగా, నీ ముఖం చూసి వచ్చాడనుకుంటున్నావా అని నాన్న అన్నారు. అది గుర్తుంది. ఆయన కూర్చున్న కుర్చీ గుర్తుంది, పిన్ని తల దించుకోవడం గుర్తుంది.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిలిపించారు. నేను వెళ్లాను. మీరు చెప్పిన కారణంతోనే, కన్నవాడు కదా అని. నాలుగు రోజులు పక్కనే కూర్చున్నాను. ఆ మాట గురించి ఏదైనా అంటారని చూశాను. మందుల చీటీ భద్రంగా ఉంచమన్నారు, కరెంటు బిల్లు కట్టమన్నారు. ఐదో రోజు పోయారు. కేథరిన్ వెళ్లకుండా కూర్చునే ఆ సన్నివేశం దగ్గర నేను సినిమా ఆపేసి, కాసేపు బయటికి వెళ్లి వచ్చి మిగతాది చూస్తాను. ప్రతిసారీ అంతే.

పాతరీలు:
చదివాను. తండ్రి పిలుపు విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ అదే. అక్కను మాత్రం అడగలేదు, ఆ మాట నిజం. ఆమెకు ఇప్పుడు డెబ్బై దాటాయి.