సియెనా గోడ మీది పద్యంలో ఒక్క ‘పెర్’

గోదారిగట్టు: మూడు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. ఇటలీలోని సియెనా పురమందిరం పలాజ్జో పుబ్లికోలో, తొమ్మండుగురు పాలకులు కొలువుదీరిన గదిలో, అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో వేసిన బొమ్మల కింద ఉన్న పద్యం. వెళ్లినప్పుడు నోట్‌బుక్‌లో హడావిడిగా రాసుకున్నాను. ఇప్పుడు చూస్తే సగమే ఉంది: “ఉన్ బెన్ కొమున్ పెర్ లోర్ సిన్యోర్ సి ఫాన్నో”. నేను “అందరి మేలునే తమ దొరగా చేసుకున్నారు” అని తెలుగు చేశాను. మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. “తమ దొర ద్వారా అందరి మేలు సాధించుకున్నారు” అనాలంటాడు. ‘పెర్’ అన్న ఆ ఇటాలియన్ విభక్తి మాట ఎటు మొగ్గుతుందో చెప్పండి.

తాళపత్రం: మీదే సరి. పై పాదాలు కలిపి చదవండి. న్యాయం అనే ఈ పుణ్యగుణం ఎక్కడ ఏలుతుందో అక్కడ పలు మనసులను ఒక్కటి చేస్తుంది, అలా కూడినవాళ్లు మీరన్న పని చేస్తారు. ఆ వెంటనే “లో క్వాల్”, అంటే ‘ఆ దొర’ అన్నట్టు, వస్తుంది. ఆయన తన రాజ్యం ఏలడానికి, చుట్టూ ఉన్న సద్గుణాల ముఖకాంతి నుంచి ఎన్నడూ చూపు మరల్చనని నిశ్చయించుకుంటాడు. గోడ మీద చూడండి, గడ్డం పెద్దాయన, ఆయనకు అటూ ఇటూ ఆరుగురు స్త్రీమూర్తులు. మేలు దొర అయింది కాబట్టే దానికి కళ్లూ చూపూ వచ్చాయి.

సంధికార్యం: అంత తేలిగ్గా వదలకండి మాస్టారూ. ఆరు పాదాల్లోనే ‘పెర్’ మూడుసార్లు వచ్చింది. “పెర్ గొవెర్నార్” అంటే ఏలడానికి. “పెర్ క్వెస్తో” అంటే ఇందువల్ల. ఆ రెంటికీ ‘కొరకు’, ‘వల్ల’ సరిపోతుంటే మొదటిదానికి మాత్రం ‘గా’ ఎందుకు తగిలించాలి? పైగా ఆ పెద్దాయన తల చుట్టూ సి, ఎస్, సి, వి అన్న అక్షరాలున్నాయి. కొమూనె సెనారుమ్, చివితాస్ విర్జినిస్. సియెనా పురపాలన, కన్య మరియ నగరం అని. బట్టలు ఊరి రంగులు, నలుపూ తెలుపూ. కాళ్ల దగ్గర కవల పిల్లలతో ఆడతోడేలు, అదీ ఊరి గుర్తే. కాబట్టి ఆయన ‘మేలు’ కాదు, ఊరి ప్రభుత్వం. అన్నయ్యగారి పక్షమే నాది.

తాళపత్రం: మీరు చూపించిన సాక్ష్యం నాకే పనికొస్తుంది. ‘కొమూనె’ అంటే అందరికీ చెందినది, పురపాలన కూడా. “బెన్ కొమున్” అనగానే సియెనా మనిషి చెవిలో రెండూ మోగుతాయి. అది శ్లేష. తెలుగులో దానికి సాటి మాట దొరకదు. ‘ఊరుమ్మడి’ కొంత దగ్గర. ఆ పెద్దాయన ఎవరన్నది పండితుల్లోనే తేలలేదు. రూబిన్‌స్టైన్ 1958లో ఉమ్మడి మేలు అన్నాడు, స్కిన్నర్ 1986లో దాన్ని కాదన్నాడు.

పాలమూరుపిల్ల: మీరంతా ‘పెర్’ దగ్గర ఆగారు, నన్ను పట్టుకున్నది ఆ తాడు. న్యాయదేవత త్రాసు రెండు తట్టల నుంచి రెండు పోగులు దిగుతాయి. కింద కూర్చున్న కొంకోర్దియా, అంటే పొందిక దేవత, వాటిని చేతిలోకి తీసుకుంటుంది. అక్కడి నుంచి ఒకే తాడై ఇరవైనలుగురు పౌరుల చేతుల మీదుగా ఆ పెద్దాయన దాకా పోతుంది. కొంకోర్దియా అన్న మాటలో ఉన్నది ‘కోర్’, హృదయం. ‘దా’ ఒక్క అక్షరం కలిపితే ‘కోర్దా’, తాడు. వ్యుత్పత్తి హృదయమే, కానీ చిత్రకారుడు తాడు గీశాడు. మనకు ఆ వరం ఒకే మాటలో ఉంది సార్, ‘గుణం’. మంచితనమూ అదే, తాడూ అదే.

సంధికార్యం: మన కావ్యాల్లో ఆ అర్థంలో గుణం అంటే ముందు అల్లెతాడే అమ్మా. పోతన సత్యభామ చేతికి విల్లిచ్చినప్పుడు గుణం అనకుండా “జ్యావల్లీధ్వని గర్జనంబుగ” అన్నాడు. ఆ ‘జ్యా’లో ఉన్న బిగువు గుణంలో లేదు. ఆ పద్యమంతా వానాకాలం ఉరిమినట్టే ఉంటుంది, ఎన్నిసార్లు చదివినా తనివితీరదు.

పాలమూరుపిల్ల: పద్యం గొప్పదే, కాదనను. కానీ హారంలో ముత్యాలను కలిపి ఉంచే దారమూ గుణమే. ఆ ఇరవైనలుగురినీ చూస్తే నాకు ఆ దారమే కనబడుతుంది. ఇంకోటి చెప్పాలి. కొంకోర్దియా ఒడిలో వడ్రంగి పనిముట్టు ఉంది. మా వైపు దాన్ని ‘రంద’ అంటరు. మీ దగ్గర?

గోదారిగట్టు: చిత్రిక. చిన్నప్పుడు మా ఇంటి తలుపులకు టేకు చెక్క చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది. ఏరుకుని వేళ్లకు తొడుక్కునేవాళ్లం. ఆ గదిలో అంత ఎత్తున గోడ మీద కూడా దాన్ని చూడగానే పోల్చుకున్నాను. ఎగుడుదిగుళ్లు పోతేనే పొందిక అని చెప్పడానికి అంతకన్నా ఏ వస్తువు కావాలి? పద్యాన్నీ చిత్రిక పడతాం కదా మనం.

రెండోపాఠం: సియెనా అన్నాక డాంటేని తలవకపోతే ఎలా? ఆ భవనం ముందున్న కాంపో మైదానంలోనే కదా, మిత్రుణ్ని చెర విడిపించడానికి సియెనా నాయకుడు ప్రొవెంజాన్ సల్వాని సిగ్గు విడిచి చెయ్యి చాచింది. డాంటే కావ్యం ‘పుర్గతోరియో’ పదకొండో సర్గ. ఇంకో రెండు సర్గలు దాటితే సియెనా ఆడపడుచు సపీయా కనిపిస్తుంది. “సావియా నోన్ ఫుయీ”, సపీయా అని పిలిచినా నేను సావియాను కాలేదు అంటుంది. సావియా అంటే వివేకవతి. తన ఊరివాళ్లు యుద్ధంలో ఓడితే సంతోషించిన మనిషి నోట, ‘ప’కూ ‘వ’కూ మధ్య ఉన్నంత దూరంలో జీవితం మొత్తం చెప్పించాడు. నాకు ఆ పాదం దగ్గర గొంతు పూడుకుపోతుంది.

తాళపత్రం: బాగా గుర్తు చేశారు. మళ్లీ మన పాదానికి వస్తాను. ఇంతవరకూ ఎవరూ “సి ఫాన్నో” వైపు చూడలేదు. ‘సి’ అంటే మన ‘కొను’. చేస్తారు కాదు, చేసుకుంటారు. ఏదో ఒకదాన్ని మరొకటిగా చేసుకోవడం ఆ క్రియకు సహజం, అప్పుడు ‘పెర్’కు ‘గా’ అతికినట్టు సరిపోతుంది.

సంధికార్యం: ‘మేలు చేసుకున్నారు’ అన్నా కొను ఉంది కదండీ. నా ‘వల్ల’ను అది కదపలేదు.

గోదారిగట్టు: ఇద్దరూ చెప్పింది నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాసుకున్నాను. అన్నయ్యకూ చదివి వినిపిస్తాను.

పాలమూరుపిల్ల: అయితే పక్క గోడ సంగతి కూడా చూడండి. ఊరి వాకిలి పైన గాలిలో సెక్యూరితాస్, అంటే భద్రత దేవత, ఎగురుతుంటుంది. ఒక చేతిలో ఉరికంబం, దానికి వేలాడుతున్న మనిషి. ఇంకో చేతిలో చీటీ: “సెంజా పావూరా ఓన్యువోమ్ ఫ్రాంకో కమీని”. భయం లేకుండా ప్రతి మనిషీ ‘ఫ్రాంకో’గా నడవాలి అని. భయం లేకుండా అని ముందే అన్నాక ఈ ‘ఫ్రాంకో’కు నిర్భయంగా అని రాస్తే పునరుక్తి. స్వేచ్ఛగా అందామంటే ఆ ఉరికంబం అడ్డొస్తున్నది. తాళపత్రం సార్, మీరైతే ఏం రాస్తరు?