ఒకే వంటిల్లు, పాట్రిక్ పండుగ విందు, ఒక కుక్కరు: తప్పు ఎవరిది?

లీ ఒడ్డున (మార్చి 19, 2026, రాత్రి 9:10)

ఐర్లండ్‌లోని కార్క్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. సెప్టెంబరు నుంచి ఐదుగురం ఆడపిల్లలం ఒక ఇంట్లో ఉంటున్నాం. నేను, నాకంటే రెండేళ్లు పెద్దదైన ఒక తెలుగు అక్క, కెర్రీ నుంచి వచ్చిన ఐరిష్ అమ్మాయి, ఒక బ్రెజిల్ అమ్మాయి, ఒక పాకిస్తాన్ అమ్మాయి. అందరికీ వంటిల్లు ఒక్కటే.

మంగళవారం, 17న, ఇక్కడ సెయింట్ పాట్రిక్ పండుగ. మధ్యాహ్నం ఊరేగింపు చూసి వచ్చాక కెర్రీ అమ్మాయి ఒక్కతే నిలబడి అందరికీ వండింది. ఉప్పులో ఊరిన పంది మాంసం, క్యాబేజీ. కోల్‌కానన్ అని, ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో కేల్ ఆకు, ఉల్లికాడలు, బోలెడంత వెన్న కలుపుతారు. ఈస్టు లేకుండా మజ్జిగ, వంటసోడాతో చేసిన బ్రెడ్డు. పాకిస్తాన్ అమ్మాయి రంజాన్ ఉపవాసంలో ఉందని విందును పొద్దు గుంకేదాకా ఆపింది. ఆరూ నలభైకి ఖర్జూరంతో మొదలుపెట్టాం. ఆ మాంసం తినని పాకిస్తాన్ అమ్మాయికీ నాకూ కోల్‌కానన్ విడిగా చేసింది. ఇంటికి దూరంగా వచ్చాక నేను కడుపు నిండా నవ్విన మొదటి సాయంత్రం అది.

అక్క డ్యూటీ నుంచి వచ్చింది, బల్ల వైపు చూసింది, ఒక్క మాట లేకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఈ ఉదయం ఉగాది. అమ్మ పంపిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేశాను. ముగ్గురూ కాలేజీకి వెళ్లే ముందు వచ్చారు. ఇద్దరు తిన్నారు, ఉపవాసంలో ఉన్న పాకిస్తాన్ అమ్మాయి తన వంతు సాయంత్రానికి దాచుకుంది. చేదు ఎందుకు వేస్తారని అడిగి తెలుసుకున్నారు. నా భాష మాట్లాడే మనిషి మాత్రం తలుపు తీయలేదు.

ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు ఒకరి పండుగకు ఒకరు వచ్చి కూర్చోవడం కనీస మర్యాద కాదా?

గుంటూరు ఘాటు

మర్యాదే. ఆ విందు నచ్చకపోతే మానేయవచ్చు. ఉగాది పచ్చడి కూడా వద్దనడం తప్పు.

కృష్ణ లంక

నేను అలా అనుకోవడం లేదు. మర్యాద పేరుతో తగ్గమని ఎప్పుడూ మనవాళ్లకే చెబుతారు. పాట్రిక్ ఎవరు? ఒక దేశం మొత్తాన్ని క్రైస్తవంలోకి మార్చాడని చెప్పుకునే మనిషి. ఆ రోజు అక్కడ గొడ్డుమాంసం, తాగుడు తప్ప వేరే ఏముంది? మా తమ్ముడు డబ్లిన్‌లో చదివేటప్పుడు సరిగ్గా ఈ పండుగ రాత్రే తాగినవాళ్లు వాడి సైకిలు తొక్కి విరగ్గొట్టారు. దానిమీదే వాడు పనికి వెళ్లేవాడు. నెల రోజులు నడిచాడు. అటువంటి పండుగకు మన పిల్ల కూర్చోలేదంటే నాకు గౌరవమే కలిగింది.

లిఫీ పాతవాసి

కృష్ణ లంక గారూ, మీ తమ్ముడికి జరిగింది అన్యాయమే. కానీ పండుగ గురించి మీరు రాసినది సరి కాదు. డబ్లిన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను కనుక చెబుతున్నాను. గొడ్డుమాంసం, క్యాబేజీ అమెరికాకు వలస వెళ్లిన ఐరిష్ వాళ్ల అలవాటు. ఇక్కడి ఇళ్లలో పంది మాంసం వండుతారు. ఇక తాగుడు సంగతి. 1903లో ఇది ప్రభుత్వ సెలవు అయింది. 1927 నుంచి 1960 దాకా ఈ రోజున మద్యం దుకాణాలు మూసేయాలని చట్టమే ఉండేది. మా పక్కింటి పెద్దాయన చిన్నప్పుడు పొద్దున్నే చర్చికి వెళ్లి రావడం, కోటుకు షామ్‌రాక్ ఆకు గుచ్చుకోవడం, అంతే పండుగ.

పాట్రిక్ గురించి కూడా ఒక మాట. ఆయన బ్రిటన్‌లో పుట్టినవాడు. పదహారో ఏట దొంగలు ఎత్తుకొచ్చి ఈ దేశంలో బానిసగా అమ్మారు. ఆరేళ్లు పశువులు కాశాడు. తప్పించుకుని ఇల్లు చేరి, మళ్లీ తనంతట తనే ఇక్కడికి వచ్చాడు. ఆయన స్వయంగా రాసుకున్న మాటలివి. పరాయి ఊళ్లో ఒంటరిగా బతకడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఆ బల్ల మీది బంగాళాదుంపను కూడా తక్కువగా చూడకండి. 1845లో దుంపకు తెగులు తగిలి పంట కుళ్లిపోయింది. 1852 వచ్చేసరికి పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. జనం చస్తున్నప్పుడే రేవుల నుంచి ధాన్యం ఎగుమతి అయింది. 1876-78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మనవాళ్లు ఎండిపోతుంటే మద్రాసు రేవులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రెండు చోట్లా పాలకులు బ్రిటిష్ వాళ్లే. ఆ పళ్లెం ముందు కూర్చోవడానికి మనకంటే తగినవాళ్లు ఎవరుంటారు?

కృష్ణ లంక

కరువు కథ కదిలించేదే, కాదనను. కానీ గొడ్డుమాంసం అమెరికా అలవాటు అని తేల్చేశారే, ఈ పిల్లలు ఉంటున్నది కార్క్‌లో. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఉప్పు వేసిన గొడ్డుమాంసం పీపాలకెత్తి ఓడల్లో పంపినది ఆ రేవే. మసాలా పట్టించిన గొడ్డుమాంసం ఇప్పటికీ ఆ ఊరి అంగడిలో అమ్ముతారు. పదకొండేళ్లు ఉన్నారు, ఇది తెలియదా?

లిఫీ పాతవాసి

తెలుసు. అది వ్యాపార సరుకు. పేద ఇంట్లో పండుగ పూట వండుకున్నది పంది మాంసమే. ఆ మసాలా మాంసం క్రిస్మస్ వంటకం. రెండింటినీ కలపకండి.

కృష్ణ లంక

కలిపింది నేను కాదు. ఊరి చరిత్ర.

మంజీర

గొడ్డా, పందా అని మీరిద్దరూ రాత్రంతా తేల్చుకోవచ్చు. లీ ఒడ్డున చెల్లీ, ఒకటి చెప్పు. శీర్షికలో కుక్కరు అని పెట్టావు, లోపల ఎక్కడా దాని ఊసు లేదు. మాంసం దేనిలో ఉడికించారు?

లీ ఒడ్డున

కుక్కరులో. కెర్రీ అమ్మాయి దగ్గర అంత పెద్ద గిన్నె లేదు. అడిగితే నేనే తీసుకోమన్నాను. అది ఇంట్లో అందరం వాడేదే.

మంజీర

ఇంటిదా, అక్కదా?

లీ ఒడ్డున

అక్క ఊరి నుంచి తెచ్చుకున్నది. కానీ మా ఇద్దరి అన్నం, పప్పు రోజూ దానిలోనే ఉడుకుతాయి. నేను బాగా తోమే పెట్టాను.

కృష్ణ లంక

ఇప్పుడు బయటపడింది. గిన్నె తోమితే శుభ్రమవుతుంది, మూత రబ్బరు కాదు. రబ్బరుకు వాసన పడితే చింతపండుతో మూడుసార్లు కడిగినా పోదు. రేపు పప్పు పెట్టినా ఆవిరిలో అదే వాసన. ఇంతటి పని చేసి, ఆమెకు మర్యాద తెలియదని ఇక్కడికొచ్చి నలుగురిలో పెట్టారు.

లిఫీ పాతవాసి

రబ్బరు మార్చుకోవచ్చు. ఒక రబ్బరు కోసం ఆర్నెల్ల స్నేహం తెంచుకోమంటారా? మీలా దూరాన కూర్చుని నిప్పు ఎగదోసేవాళ్ల వల్లే పిల్లలు ఇక్కడ మనవాళ్ల గుంపు దాటి నలుగురితో కలవలేకపోతున్నారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు రెండేళ్లు చదివి ఒక్క ఐరిష్ ఇంట్లో మంచినీళ్లు తాగకుండా తిరిగి వెళ్లాడు. తప్పు ఈ దేశానిది అన్నాడు.

కృష్ణ లంక

నిప్పు ఎగదోసేవాడినా నేను? మా తమ్ముడు వాళ్లతో కలవడానికే వెళ్లాడండీ. వాళ్ల మధ్యే నిలబెట్టిన సైకిలు అది. మీకు పౌరసత్వం వచ్చి ఉంటుంది, మీ మాటలు అలాగే ఉంటాయి.

రాత్రి షిఫ్టు

పెద్దలిద్దరూ కాస్త ఆగండి. ఆ అక్క పండుగ రోజున కూడా డ్యూటీ చేసి వచ్చింది. ఆ సంగతి ఎవరూ అడగరేం?

కుక్కరు నాది (మార్చి 20, ఉదయం 6:40)

ఆ అక్కను నేనే. స్నేహితురాలు ఈ చర్చ పంపితే చదివాను. నా గురించి ఇన్ని మాటలు అన్నారు కాబట్టి నేనూ రాస్తాను.

నాకు మడి లేదు. నేను కోడి తింటాను, చేప తింటాను. ఆ కుక్కరులో మాత్రం మాంసం వండను. ఎందుకంటే అది మా అమ్మది. పెట్టె బరువు 23 కిలోలు దాటితే ఆవకాయ సీసా బయటికి తీసి కుక్కరు ఉంచింది. అయినా అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. ఫోను చేతిలోనే ఉంది.

నవంబరులో ఏం జరిగిందో చెల్లి రాయలేదు. వృద్ధాశ్రమంలో పని ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేదాన్ని. చదువుల వీసా మీద కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ గంటలు ఎప్పుడు దొరికితే అప్పుడే చేయాలి. ఒక రాత్రి చారుకు పోపు వేస్తే ఎండుమిరపకాయ ఘాటుకు పొగ గంట మోగింది. తెల్లారేసరికి ఫ్రిజ్ మీద చీటీ: రాత్రి తొమ్మిది తర్వాత పోపు వేయరాదు. కింద నలుగురి సంతకాలు. చేతిరాత నీదే చెల్లీ. అప్పటి నుంచి ఈ చలిలో రాత్రిపూట బ్రెడ్డు, పెరుగు తింటున్నాను.

పాకిస్తాన్ అమ్మాయి కోసం విందు ఆపారు, చాలా మంచి పని. మరి నా కోసం? పండుగ రోజు పని ఆరింటికే అయిపోతుందని ముందు రోజే ఇంటి గ్రూపులో రాశాను. ఏడింటికి వచ్చాను. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు, నాలుగు పళ్లాలు. మధ్యలో మా అమ్మ కుక్కరు. నేను వచ్చి కూర్చోలేదంటున్నావు. ఎక్కడ కూర్చోవాలి?

మంజీర

చెల్లీ, ఇది నిజమేనా?

కృష్ణ లంక

నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. ఆ పండుగ, ఆ విందు, అంతా ఒకవైపు మర్యాద.

కుక్కరు నాది

మీరు నా తరఫున మాట్లాడకండి. ఆ పండుగంటే నాకు ఇష్టం. 17 ఉదయం ఆశ్రమంలో తొంభై దాటిన ఒక అవ్వ తన కోటుకు ఉన్న షామ్‌రాక్‌లో సగం తుంచి, వణికే చేతులతో నాకు గుచ్చింది. అమెరికాలో ఉన్న చెల్లెలికి ప్రతి ఏడూ ఆ ఆకు కవరులో పెట్టి పంపేదట. ఆ ఆకు గుచ్చుకునే ఇంటికి వచ్చాను. మీ తమ్ముడి కోపాన్ని నా నెత్తిన పెట్టకండి. లిఫీ గారూ, కరువు సంగతి బాగా చెప్పారు. కానీ నా బాధ రబ్బరు ధర కాదు.

లిఫీ పాతవాసి

అమ్మా, రబ్బరు మాట తొందరపడి అన్నాను. నాలుగు పళ్లాల సంగతి తెలిసి ఉంటే అలా రాసేవాడిని కాదు.

లీ ఒడ్డున (మార్చి 20, ఉదయం 8:05)

నిజమే. గ్రూపులో అక్క రాసింది చదివాను, పనిలో పడి మరిచిపోయాను. నాలుగు పళ్లాలు పెట్టింది నేనే, కెర్రీ అమ్మాయి కాదు.

చీటీ రాయమని కూడా ఎవరూ అడగలేదు. పొగ గంట మోగినప్పుడు కెర్రీ అమ్మాయి కిటికీ తెరిచి పడుకుంది, అంతే. నేనే భయపడి రాశాను. నేను వీసా కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, నిరుడు జూలైలో, డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. భారత దినోత్సవ వేడుకను కూడా వాయిదా వేశారు. వెళ్లొద్దని నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. మన వాసన, మన చప్పుడు ఎవరికీ తెలియకుండా ఉంటే మన జోలికి రారని అనుకుంటూ విమానం ఎక్కాను. మంగళవారం వాళ్ల మధ్య కూర్చుంటే నేనూ వాళ్లలో ఒకదాన్ని అనిపించింది. నిన్ను చూస్తే ఆ ధైర్యం పోతుందేమో అనిపించింది. అది రాయడానికి సిగ్గుగా ఉంది అక్కా.

కుక్కరు నాది

భయం నాకు లేదనుకున్నావా? రాత్రి బస్సు దిగి ఇంటిదాకా తాళంచెవి పిడికిట్లో పట్టుకుని నడుస్తాను. కానీ నేను బయట భయపడి లోపలికి వస్తాను. నువ్వు లోపల కూడా నన్ను దాక్కోమంటున్నావు. అది నేను చేయలేను. నీకూ నాకూ అసలు తేడా అదే.

గుంటూరు ఘాటు

పచ్చడి గురించి నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

లీ ఒడ్డున

చీటీ ఇప్పుడే తీసేస్తాను.

కుక్కరు నాది

నువ్వొక్కదానివే తీయకు. సంతకాలు నలుగురివి. ఆదివారం నాకు డ్యూటీ లేదు. అందరినీ కూర్చోబెట్టి, అది ఎందుకు రాశావో వాళ్లకు నీ నోటితో చెప్పు. కెర్రీ అమ్మాయికి మాత్రం ఇప్పుడే చెప్పు, తన వంట మీద నాకు ఏ కోపమూ లేదని. పచ్చడి మిగిలితే ఉంచు.