‘కుంఫిణీ వారు’ అన్నచోట ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అని రాయొచ్చా?

ప్రశ్న: మాది కోనసీమ. మా తాతగారి పెట్టెలో 1820ల నాటి భూమి కాగితాలు కొన్ని దొరికాయి. ఇంట్లో పిల్లలు చదువుకునేలా ఇప్పటి తెలుగులో తిరగరాస్తున్నాను. వాటిలో మాటిమాటికీ ‘కుంఫిణీ వారు’ అని ఉంది. ఒకటి రెండు చోట్ల ‘కుంపిణీ’ అని కూడా ఉంది. దాన్ని ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అని మార్చేస్తే సరిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మార్చొద్దండీ. ఆ మాట తీసేస్తే కాగితంలో ఉన్న అసలు సంగతే పోతుంది. 1820ల్లో మీ ఊరి శిస్తు, జమీందారు చేతుల మీదుగా వెళ్లినా నేరుగా వెళ్లినా, చివరికి చేరింది లండన్‌లో వాటాదారులున్న ఈస్ట్ ఇండియా కంపెనీ అనే ఒక వర్తక సంస్థకు. కాగితం రాసిన కరణం ఉన్నదే రాశాడు.

ముందు మాట చూద్దాం. ‘కంపెనీ’యే మనవాళ్ల నోట కుంపిణీ అయింది. తమిళంలో కుంబినీ, కన్నడంలో కుంపణి. ‘ఫ’ రాతలో చేరిన ఒత్తే తప్ప పలుకులో ‘ప’యే ఉండి ఉంటుందని నా ఊహ.

అంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది పక్కనున్న ‘వారు’. తెలుగులో ‘వారు’ రెండు పనులు చేస్తుంది. ‘ఊరివారు’ అంటే చాలామంది, ‘రాజావారు’ అంటే ఒక్కరే, మర్యాదగా. కుంఫిణీ వారికి ఈ రెండూ వర్తిస్తాయి. ఉత్తరాదిన ‘కంపెనీ బహదూర్’ అని ఏకంగా నవాబుల బిరుదే తగిలించారు. రాజైతే వంశం తెలుస్తుంది, కొలువుకు వెళ్లి మొర పెట్టుకోవచ్చు. ఇక్కడ దొరలు వస్తుంటారు, పోతుంటారు, యజమాని మాత్రం ఎవరికీ కనబడడు. అలాంటి యజమానిని జనం తమకు తెలిసిన దొర మర్యాదతోనే పిలిచారు.

ఇంకో సంగతి. బుడతకీచులు (పోర్చుగీసువాళ్లు), వలందావారు (డచ్చివాళ్లు), పరాసులు (ఫ్రెంచివాళ్లు) అని మిగతా ఐరోపావాళ్లందరికీ మనకు జాతి పేర్లున్నాయి. వలందావారిదీ, పరాసులదీ కూడా కంపెనీలే. అయినా విశేషణమేమీ లేకుండా ఉత్త ‘కుంఫిణీ’ అంటే ఇంగ్లీషువాళ్లదే అయింది. పోటీలో మిగిలింది అదొక్కటే కనుక వేరే గుర్తు అక్కర్లేకపోయింది.

అసలు వీళ్లు మన తీరానికి ఎందుకొచ్చారన్నది కూడా ఈ మాటలోనే ఉంది. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి దగ్గర పట్టా పుచ్చుకున్న ఈ వర్తకులకు కావలసింది తూర్పు దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్లకు ఇంగ్లండు ఉన్నితో పనిలేదు, వాళ్లడిగింది మన నూలు బట్టలు. అందుకే 1611లో బందరులో దిగారు. వలందావారు అప్పటికే అక్కడున్నారు. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు బట్టల కొఠీ (వర్తక స్థావరం) పెడితే, అక్కడి బట్టకు ఆ ఊరి పేరే ‘మడపోలం’గా ఇంగ్లీషులో స్థిరపడింది. మన అద్దకాలు లండన్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి 1700లో, మళ్లీ 1721లో అక్కడి పార్లమెంటు వాటిని అడ్డుకుంటూ చట్టాలు చేసింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పింది ఆ తర్వాతి తరాలవాళ్లే.

అన్నాళ్లూ మన బట్ట కొనాలంటే వాళ్లు ఓడల్లో వెండి తేవలసి వచ్చేది. దేశం చేతికొచ్చాక ఆ అవసరం తీరింది. 1758లో చందుర్తి దగ్గర పరాసుల్ని ఓడించారు, మరుసటేడు బందరు కోట పట్టుకున్నారు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం చేత ఉత్తర సర్కార్లకు, అంటే మన కోస్తా జిల్లాలకు, ఫర్మానా (పాదుషా ఆజ్ఞాపత్రం) రాయించుకున్నారు. 1766లో నిజాంకు ఏటా 9 లక్షల రూపాయలు ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నారు. గుంటూరు 1788లో కలిసింది. 1823లో నిజాంకు మిగిలి ఉన్న హక్కును కూడా డబ్బిచ్చి కొనేశారు. మీ కాగితాలు సరిగ్గా ఆ దశాబ్దపువే. కత్తి లేదని కాదు, ఉంది. కాని చాలాసార్లు ఆ కత్తి బాకీ వసూలుకే దూసింది. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయిన యుద్ధం పేష్కష్ (జమీందారు కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల దగ్గరే మొదలైంది.

బెంగాలులో 1765 తర్వాత శిస్తుగా వసూలైన డబ్బుతోనే ఎగుమతి సరుకు కొన్నారు. అంటే రైతు కట్టిన పన్నే నేతగాడికి ధరగా ముట్టింది, బట్ట మాత్రం ఓడెక్కి పోయింది. సామ్రాజ్యం ఎందుకు పెరిగిందంటే నాగరికత నేర్పడానికని కొందరు ఇప్పటికీ అంటుంటారు. ఈ లెక్క చూశాక నేనది నమ్మలేను.

ఒక సభ్యురాలు: మాస్టారూ, చిన్న అభ్యంతరం. 1773లో, 1784లో పార్లమెంటు చట్టాలు చేసి కంపెనీని తన అదుపులోకి తెచ్చుకుంది కదా. 1784 నుంచి లండన్‌లో కంపెనీ పాలన మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంఘం, బోర్డ్ ఆఫ్ కంట్రోల్, కూడా ఉంది. అలాంటప్పుడు 1820ల కాగితానికి ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అంటే తప్పేముంది?

జవాబు: అదుపు సంగతి నిజమేనమ్మా. 1835 నాటి రూపాయి దొరికితే చూడండి. ఒకవైపు నాలుగో విలియం రాజు తల, రెండోవైపు ఆకుల దండ మధ్య ‘వన్ రుపీ’, దాని చుట్టూ ‘ఈస్ట్ ఇండియా కంపెనీ’ అని అక్షరాలు. నాణెం మీద ఇద్దరూ ఉన్నారు. కాని లాభం ఎవరికి చేరిందో కూడా చూడాలి. ఆ నాణెం కొట్టేనాటికి కంపెనీ వ్యాపారం చేయడమే మానేసింది. 1833 చట్టం దాని వర్తకాన్ని ఆపి, పాలన మాత్రం దాని చేతుల్లోనే ఉంచింది. మరి వాటాదారులకు లాభం ఎక్కడినుంచి? ఏటా నూటికి పదిన్నర వంతున, అంటే 6,30,000 పౌన్లు, భారతదేశపు రాబడి నుంచే చెల్లించాలని ఆ చట్టంలోనే రాశారు. అదే కాలంలో, 1832-33లో, గుంటూరు జిల్లా నందన నామ సంవత్సరపు కరువులో మాడిపోయింది. సుమారు 5 లక్షల జనంలో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా చనిపోయారని అంచనా. ఆ జిల్లా శిస్తు కూడా ఆ రాబడిలో భాగమే. 1858లో పాలన రాణి చేతికి పోయినా ఈ చెల్లింపులు ఆగలేదు. వాటాల లెక్క తీర్చి కంపెనీని పూర్తిగా మూసేసింది 1874లో. ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అని రాస్తే ఈ వాటాదారులు పిల్లల కంటికి కనబడకుండా పోతారు. నా పట్టుదల అందుకే.

పాత పేర్లన్నీ నిలబెట్టాలని నేను అనను. నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన సీమను ‘దత్తమండలాలు’ అన్నారు. ఎవరో ఎవరికో ధారపోసినట్టున్న ఆ పేరు వద్దని 1928లో నంద్యాల సభల్లో ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. చాలా మంచి పని చేశారు. అది మనల్ని మనం పిలుచుకునే పేరు కాబట్టి మార్చుకునే హక్కు మనదే. కాగితంలో ఉన్న పుచ్చుకున్నవాడి పేరు అలా కాదు, అది సాక్ష్యం.

మీ తిరగరాతలో ‘కుంఫిణీ వారు’ అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘ఈస్ట్ ఇండియా కంపెనీ’ అని అడుగున ఒక వివరణ ఇవ్వండి. 1858 తర్వాతి కాగితాలు కూడా ఉంటే వాటిలో ‘దొరతనమువారు’ అని కనబడొచ్చు. అక్కడ ‘బ్రిటిష్ ప్రభుత్వం’ అని వివరణ ఇస్తే సరిపోతుంది. ఏడాది ఫసలీలో (శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం) ఉంటే 590 కలుపుకోండి, ఇంచుమించుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. చదవలేని మాటలుంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, గొలుసుకట్టు రాత చదవగలిగినవారు మన గుంపులో ఇద్దరు ముగ్గురున్నారు.