మోకాలి గడ్డకు సైనోవియల్ సార్కోమా అన్నారు. అది ఏ కణంలో పుట్టినట్టు?

మద్దిలపాలెం వాసి:
మా తమ్ముడి కుడి మోకాలి వెనుక లోతుగా ఉన్న గడ్డ పెరుగుతూ ఉండడంతో సూది బయాప్సీ చేయించాము. రిపోర్టులో ‘మోనోఫేసిక్ సైనోవియల్ సార్కోమా, టీఎల్‌ఈ1 పాజిటివ్, ఎస్‌ఎస్‌18 కోసం ఫిష్ పరీక్ష అవసరం’ అని రాశారు. సార్కోమా అంటే కండరం, కొవ్వు, ఎముక వంటి కణజాలాల క్యాన్సర్ అని చెప్పారు. కీలు లోపలి పొరలో పుట్టిందని కొందరు, కబడ్డీలో తగిలిన పాత దెబ్బే ఇలా మారిందని కొందరు ఇంట్లో తలోమాట అంటున్నారు. స్లైడు చూసి గడ్డ పుట్టుక చెప్పడం సాధ్యమేనా? తెలిసినవారు వివరించగలరు.

పాథాలజీ పీజీ:
ముందు దెబ్బ సంగతి. దెబ్బ వల్ల ఈ గడ్డ పుట్టదు. దెబ్బ తగిలిన చోటును తడుముకున్నప్పుడు అప్పటికే ఉన్న గడ్డ చేతికి తగులుతుంది, అంతే. ఇక సైనోవియం అంటే కీలు లోపలి పొర కాబట్టి, పేరును బట్టి దాన్ని అనుమానించడం సహజమే గానీ, ఈ సార్కోమా కీలు లోపల మొదలవడం చాలా అరుదు. మెడలోనూ ఊపిరితిత్తిలోనూ కూడా వస్తుంది. మైక్రోస్కోపులో మోనోఫేసిక్ రకం ఎలా ఉంటుందంటే, కదురు ఆకారపు కణాలు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, కేంద్రకాలు ఒకదానిపై ఒకటి ఎక్కేంత దగ్గరగా, మధ్యలో జింక కొమ్ముల్లా చీలిన పలుచని రక్తనాళాలతో కనిపిస్తాయి. బైఫేసిక్ రకంలో వీటికి తోడు గ్రంథుల్లా అమరిన కణాలు కూడా ఉంటాయి. టీఎల్‌ఈ1 ఈ గడ్డ కణాల కేంద్రకాల్లో తరచూ కనిపించే ప్రొటీను. ఎక్స్ క్రోమోజోము, 18వ క్రోమోజోము ముక్కలు మార్చుకోవడం వల్ల ఎస్‌ఎస్‌18, ఎస్‌ఎస్‌ఎక్స్ జన్యువులు అతుక్కుంటాయి; ఫిష్ పరీక్షలో (జన్యువుకు మెరిసే గుర్తులు అంటించి చూసే పరీక్ష) ఎస్‌ఎస్‌18 తెగిందా లేదా అన్నది చూస్తారు. ఆ అతుకు మొదట ఏ కణంలో పడిందో ఇంకా తేలలేదు. అందుకే ఇప్పటి వర్గీకరణ చాలావరకు గడ్డ ఎక్కడినుంచి వచ్చిందని కాక, ఏ కణజాలం వైపు పోలిక చూపుతోందని అడుగుతుంది.

గాజువాక నుంచి ఒక తల్లి:
మా బాబుకు మూత్రాశయంలో వచ్చిన గడ్డను ఎంబ్రయోనల్ రాబ్డోమయోసార్కోమా అన్నారు. అది ఎముకలను కదిలించే కండరం జాతిదని చెప్పారు. మూత్రాశయం గోడలో అలాంటి కండరమే లేదు కదా అని అడిగితే, డాక్టరుగారు తెర మీద ఒక కణాన్ని చూపించారు: పొడవాటి తోక, గులాబీ రంగు, అడ్డంగా సన్నని చారలు. ఆ చారలు చూశాక పేరు అర్థమైంది గానీ, అక్కడికి ఎలా చేరిందో మాత్రం అర్థం కాలేదు.

పాథాలజీ పీజీ:
అమ్మా, మీ ప్రశ్నే ఈ విషయానికి అసలు కీలకం. అది మరో చోటి నుంచి వచ్చి చేరింది కాదు. అక్కడే ఉన్న అపరిపక్వ కణంలో కండరంగా మారే జన్యు కార్యక్రమం మొదలై, మధ్యలో ఆగిపోయింది. ప్రత్యేక రంగు పరీక్షలో కేంద్రకంలో మయోజెనిన్, కణద్రవ్యంలో డెస్మిన్ అనే కండర ప్రొటీన్లు గోధుమరంగులో కనిపించడం దానికి సాక్ష్యం. ఎలుకలలో కండర వంశానికి చెందని కణాల నుంచి కూడా ఈ గడ్డను పుట్టించి చూపారు. అన్ని సార్కోమాల పుట్టుకా ఇంత చిక్కుముడి కాదు. పెద్ద సిర గోడలో వచ్చే లియోమయోసార్కోమాకు ఆ గోడలోని నునుపు కండరంతోనే సంబంధం అనుకోవడానికి గట్టి ఆధారాలున్నాయి.

సీతమ్మధార, విశ్రాంత ఉపాధ్యాయుడు:
మా శ్రీమతికి ఏళ్ల క్రితం కడుపు వెనుక భాగంలో వచ్చిన గడ్డకు మాలిగ్నెంట్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా అని రాశారు. గడ్డ మళ్లీ వచ్చినప్పుడు, గడ్డ ముక్కను మైనంలో బిగించి దాచిన పాత బ్లాకును కోసి ఎండీఎం2 అనే జన్యువు పరీక్ష చేస్తే, అది డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమా (కొవ్వు పోలికను చాలావరకు పోగొట్టుకున్న కొవ్వు జాతి సార్కోమా) అని తేలింది. కొవ్వు పోలిక ఒక మూల మాత్రమే మిగిలిందట. పాత పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 వర్గీకరణలో తీసివేసిందని అప్పుడే తెలిసింది.

ల్యాబ్ టెక్నీషియన్, అనకాపల్లి:
మాస్టారు చెప్పినది అందరూ గుర్తుంచుకోవాలి. రెండో అభిప్రాయానికి స్లైడులు మాత్రమే పట్టుకెళితే సరిపోదు, బ్లాకు కూడా అడిగి తీసుకోండి. ఫిష్‌కు కొత్తగా పలుచని ముక్కలు కోయాల్సి ఉంటుంది. ముక్క తీసిన వెంటనే, దానికి పది రెట్ల పరిమాణంలో పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రావణం) వేయాలి. సెలైన్‌లో రాత్రంతా నానబెట్టి పంపిన ముక్కలు మా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. వాటిలో కేంద్రకాలు వెలిసిపోయి ఉంటాయి. ఇక మన విశాఖ ఎండలో బ్లాకును స్కూటరు డిక్కీలో వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది.

మద్దిలపాలెం వాసి:
అందరికీ కృతజ్ఞతలు. గడ్డను ముందు తీయించేసి తరువాత చూద్దామని మా బావగారు తొందరపడుతున్నారు. ఆగవచ్చా?

పాథాలజీ పీజీ:
ఫిష్ ఫలితం, ఎంఆర్‌ఐ రెండూ సర్జను చేతిలో ఉన్నాకే కోత పెట్టడం మేలు. ప్రణాళిక లేకుండా మామూలు గడ్డలా తవ్వి తీస్తే అంచుల్లో కణాలు మిగిలి, మరోసారి ఇంకా పెద్ద కోత పెట్టవలసి రావచ్చు. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట సర్జను, రేడియేషన్, మెడికల్ ఆంకాలజీ వైద్యులు కలిసి చూసేలా అడగండి. వెళ్లేటప్పుడు బ్లాకు మరిచిపోకండి.