ఫోన్ అప్‌డేట్ అయ్యాక షుగర్ సెన్సార్ అలారం మోగలేదు. ఇది చూసుకోవాల్సింది ఎవరు?

అనంతపురం అమ్మ:

మా పాపకు టైప్ 1 షుగర్. ఎనిమిదో తరగతి చదువుతోంది. చేతికి సెన్సార్ పెడతాం, రీడింగులు ఫోన్‌లోకి వస్తాయి, 70 కంటే దిగితే అలారం మోగాలి. ఆ అలారం ఉందన్న ధైర్యంతోనే రాత్రిళ్ళు కాస్త నిద్రపోతున్నాం. మొన్న రాత్రి ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ దానంతట అదే అప్‌డేట్ అయింది. పొద్దున లేపితే పిల్ల ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. వేలికి గుచ్చి చూస్తే 52. గ్లూకోజ్ నీళ్ళు తాగించాక తేరుకుంది, ఇప్పుడు బాగానే ఉంది.

తర్వాత యాప్ తెరిచి చూస్తే మూడు గంటల నుంచే గీత కిందికి దిగిపోయి ఉంది. అంటే సెన్సార్ పని చేసింది, యాప్‌కు కూడా తెలుసు, మోగాల్సిన అలారం మాత్రం మోగలేదు. ఎందుకా అని వెతికితే అప్‌డేట్ తర్వాత ఆ యాప్ నోటిఫికేషన్లు ఆఫ్ అయి కనిపించాయి. సెన్సార్ వాళ్ళకు ఫోన్ చేస్తే "అది మీ ఫోన్ సెట్టింగ్ మేడమ్" అన్నారు. ఫోన్ సర్వీస్ సెంటర్‌లో అడిగితే యాప్ వాళ్ళను అడగమన్నారు.

ఒక మాత్రలో ఏదైనా మార్చాలంటే ప్రభుత్వం అనుమతి కావాలంటారు కదా, మరి ప్రాణం మీదికి వచ్చే ఇలాంటి వాటికి ఏ రూలూ లేదా? అసలు అప్‌డేట్లన్నీ ఆపేయడం మంచిదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కర్నూలు బయోమెడ్:

అక్కా, పాప బాగుంది, అది చాలు. నేను ఆసుపత్రి పరికరాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, నాకు తెలిసినంత చెబుతాను.

రూలు ఉంది. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2018 జనవరి 1 నుంచి అమలు. మొదట్లో కొన్ని పరికరాలకే వర్తించేవి, 2020 ఏప్రిల్ 1 నుంచి దాదాపు అన్నిటినీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, చట్టం కిందికి తెచ్చారు. రిస్కును బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు, పైన చూసేది ఢిల్లీలోని సీడీఎస్‌సీఓ, అంటే మందులనూ వైద్య పరికరాలనూ చూసే కేంద్ర సంస్థ. లైసెన్సు వచ్చాక కంపెనీ ఏదైనా మార్చాలంటే ఆరో షెడ్యూలు చూడాలి. డిజైన్‌లో మార్పు పనితీరును తాకేదైతే అది మేజర్, ముందే అనుమతి తీసుకోవాలి. తాకకపోతే మైనర్, చేసేసి 30 రోజుల్లోపు తెలిపితే చాలు. ఏది మేజరో ఏది మైనరో మొదట తేల్చుకునేది ఎవరనుకున్నారు? ఆ కంపెనీయే. నాకు నచ్చనిది అదే.

మీ కేసులో ఇంకో చిక్కు ఉంది. మారింది సెన్సార్ కాదు, యాప్ కూడా కాదు, ఫోన్. ఫోన్ మెడికల్ డివైస్ కాదు కాబట్టి ఫోన్ కంపెనీ తన అప్‌డేట్‌కు ఏ ఆరోగ్య శాఖనూ అడగక్కర్లేదు. సెన్సార్ వాళ్ళేమో అనుమతి తీసుకున్న వస్తువును తాము ముట్టుకోలేదంటారు. ఇద్దరి మాటా కాగితం మీద కరెక్టే, మధ్యలో పడింది మీ పాప.

ఇది మనకొక్కరికే జరగడం లేదు. అమెరికాలో మందులను, పరికరాలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఫిబ్రవరిలో సరిగ్గా దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. ఫోన్ అప్‌డేట్ వల్ల, సెట్టింగ్ మారడం వల్ల, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ లాంటివి కొత్తగా కలపడం వల్ల షుగర్ అలారాలు రాకపోవచ్చని, ఫోన్ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపుకోమని, కొత్త వెర్షన్ మీ యాప్‌కు సరిపోతుందో లేదో చూసుకున్నాకే వేసుకోమని, నెలకొకసారైనా అలారం సెట్టింగులు చూసుకోమని చెప్పింది. కాబట్టి ఫోన్ అప్‌డేట్ మీ చేతిలో పెట్టుకోండి. డు నాట్ డిస్టర్బ్‌లో ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి, బ్యాటరీ ఆదా చేసే జాబితాలోంచి దాన్ని తీసేయండి.

పాత కడప:

ఏం రాసినా ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. వేలికి గుచ్చుకోవడమే మేలు.

బెంగళూరులో కోడింగ్:

రాత్రి మూడింటికి పిల్లను లేపి వేలికి ఎవరు గుచ్చుతారన్నా? రోజూ లేపగలరా? ఆ బాధ తప్పించడానికే కదా సెన్సార్ వచ్చింది.

నాది కడపే, పని ఇక్కడ. అక్కా, ఫోన్ అప్‌డేట్ ఆపడం వేరు, పరికరం అప్‌డేట్ ఆపడం వేరు, రెండూ ఒక గాటన కట్టొద్దు. 2017లో అబాట్ కంపెనీ పేస్‌మేకర్లలో, అంటే గుండె సరిగ్గా కొట్టుకునేలా ఒంట్లో పెట్టే పరికరాల్లో, ఒక లోపం బయటపడింది. దగ్గర్లో ఉన్నవాడు రేడియో సిగ్నల్‌తో దాని సెట్టింగులు మార్చగలడు, లేదా బ్యాటరీ తొందరగా అయిపోయేలా చేయగలడు. అమెరికాలోనే దాదాపు 4,65,000 పేస్‌మేకర్లు. వాటిని ఒంట్లోంచి తీయలేరు కదా, కాబట్టి అప్‌డేట్ ఇచ్చారు. కానీ గాల్లోంచి పంపలేదు, పేషెంటు ఆసుపత్రికి రావాలి, మూడు నిమిషాలు పడుతుంది, ఆ సేపు పేస్‌మేకర్ నిమిషానికి 67 సార్లు కొట్టే బ్యాకప్ మోడ్‌లో ఉంటుంది. పాత అనుభవాన్ని బట్టి పరికరం పూర్తిగా ఆగిపోయే అవకాశం 0.003 శాతమని ముందే బయటపెట్టి, వేసుకోవాలా వద్దా డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుని తేల్చుకోమన్నారు. నాకు తెలిసి అప్‌డేట్ అంటే అలా ఇవ్వాలి.

దీనికి ఉల్టా కూడా ఉంది. 2019లో మెడ్‌ట్రానిక్ కంపెనీ పాత ఇన్సులిన్ పంపుల్లో (ఒంట్లోకి ఇన్సులిన్ ఎక్కించే పరికరాలు) ఇలాంటి లోపమే దొరికితే వాటికి అప్‌డేట్ వేసే దారే లేదు, పంపులే మార్చుకోమన్నారు. ఇక 2024లో టాండెమ్ కంపెనీ ఇన్సులిన్ పంపుకు జోడించే ఐఫోన్ యాప్ కొత్త వెర్షన్ మాటిమాటికీ ఆగిపోయి మళ్ళీ మొదలవుతూ పంపు బ్యాటరీ తాగేసింది. పంపు ఆగితే ఇన్సులిన్ ఆగినట్టే. 224 మందికి ఇబ్బంది కలిగినట్టు ఫిర్యాదులు వచ్చాయి, చనిపోయినవాళ్ళు లేరు. అంటే వేసినా ముప్పే, వేయకున్నా ముప్పే. ఆ ముప్పెంతో పేషెంటుకు ముందే చెప్పారా లేదా అన్నదే చూడాలి.

ప్రొద్దుటూరు రెడ్డి:

ముందే చెప్పడమా! మా నాన్నకు పేస్‌మేకర్ ఉంది. చెకప్‌కు పెద్ద ఊరికి పిల్చుకుని పోతే డాక్టరు రాలేదు, కంపెనీ మనిషి ఒకడు చిన్న సూట్‌కేసంత మిషన్ తెచ్చి, మౌస్ లాంటిది ఒకటి వైరుతో సహా నాన్న చొక్కా మీద ఎడమ వైపు పెట్టినాడు. స్క్రీన్ మీద ఏదో నొక్కి "సాఫ్ట్‌వేర్ కూడా చేసేశాం సార్" అన్నాడు. నాన్న "ఏం చేసినాడప్పా?" అని నన్ను అడిగితే నాకేం తెలుసు? ఫైల్లో చూస్తే బ్యాటరీ ఇన్నేళ్ళు వస్తుందన్న కాగితం ఉంది కానీ, ఏ సాఫ్ట్‌వేర్ వేసినారు, ఎందుకు వేసినారు, పాతది ఏది అని ఒక్క ముక్క లేదు. మళ్ళీ అడుగుదామని ఫోన్ చేస్తే ఆ మనిషి ఉద్యోగం మారినాడంట. స్కూటర్ సర్వీసింగ్‌కు ఇస్తేనే ఏ ఆయిల్ వేసినారో బిల్లులో రాసిస్తారు కదా.

కర్నూలు బయోమెడ్:

రెడ్డన్నా, రాసివ్వమని అడగండి. పరికరం మోడల్, సీరియల్ నంబరు, అప్‌డేట్‌కు ముందు వెర్షన్, తర్వాతి వెర్షన్, తేదీ. ఆ మిషన్‌ను ప్రోగ్రామర్ అంటారు, దాంట్లోంచి రిపోర్టు ప్రింటు తీయొచ్చు. అడిగితే ఇస్తారు, అడగకపోతే తీరిక లేదంటారు.

అక్కా, మీరు ఫిర్యాదు తప్పకుండా రాయండి. మన దేశంలో 2015 జూలై నుంచి మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రాం అని ఒకటి నడుస్తోంది, పరికరాల వల్ల జరిగిన హాని, తృటిలో తప్పిన హాని అక్కడికి చేరాలి. చూసేది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్, టోల్ ఫ్రీ 1800-180-3024. డాక్టరే రాయాలని లేదు, పేషెంటు ఇంటివాళ్ళూ రాయొచ్చు. సెన్సార్ డబ్బా మీద లాట్ నంబరు ఉంటుంది, డబ్బా పారేయకండి. యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆ రాత్రి గీత స్క్రీన్‌షాట్, నోటిఫికేషన్లు ఆఫ్‌లో ఉన్న స్క్రీన్‌షాట్ ఉంటే అదీ జతచేయండి. "అలారం రాలేదు" అని ఒక్క లైను రాస్తే సెట్టింగ్ తప్పని మూసేస్తారు, "ఫోన్ అప్‌డేట్ అయిన రాత్రే సెట్టింగ్ మారింది" అని తేదీ, టైముతో రాయండి. కంపెనీకి కూడా ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి, కంప్లైంట్ నంబరు అడిగి తీసుకోండి.

అనంతపురం అమ్మ:

అందరికీ థాంక్స్. ఫోన్ ఆటో అప్‌డేట్ ఆపేశాను. డబ్బా చెత్తబుట్టలో ఉంటే తీసి పెట్టాను, లాట్ నంబరు కనిపిస్తోంది. టోల్ ఫ్రీకి కూడా చేశాను, ఫారం నింపి పంపమన్నారు, ఈ రాత్రికి కూర్చుంటాను.

ఇంకొకటి అడగాలి. ఇంట్లో పాత ఫోన్ ఒకటి ఉంది, సిమ్ లేదు. దాన్ని వైఫైతో పెట్టి, రాత్రి నా తలగడ దగ్గర రెండో అలారంగా వాడుకోవచ్చా?

బెంగళూరులో కోడింగ్:

మీ సెన్సార్‌కు ఇంట్లోవాళ్ళు ఫాలో అయ్యే యాప్ ఉంటే వాడొచ్చు అక్కా. కాకపోతే అది ఇంటర్నెట్ మీద నడుస్తుంది, కరెంటు పోయి వైఫై ఆగితే మోగదు. మరీ పాత ఫోన్ అయితే యాప్ అసలు ఎక్కకపోవచ్చు కూడా, ముందు వాళ్ళ సైట్‌లో ఏ ఫోన్లకు పనిచేస్తుందో జాబితా చూడండి.